ఎడమ పక్క యాంపు

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో ఎరిక్ కుటుంబం ఉండేది మూడో అంతస్తులో. కింది రెండు అంతస్తులూ పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్ళ గదులు. వాళ్ళకి ఇబ్బంది కలగకూడదని ఇంట్లో ఎప్పుడు గిటారు తీసినా ఎరిక్ హెడ్‌ఫోన్లు పెట్టుకునే వాయించేవాడు. బయటికి వినబడేది తీగల మీద వేళ్ళు రాసుకునే చప్పుడొక్కటే. భార్య ఫేబీ వంటింట్లోంచి ఆ చప్పుడు విని, ఆయన ఇవాళ ఉషారుగా ఉన్నాడో లేడో చెప్పగలిగేది.

ఎరిక్‌ది చీరాల. పంతొమ్మిదో ఏట ఢిల్లీ వచ్చాడు. అక్క దయావతి అప్పటికే ఇక్కడ నర్సు. ఆవిడే తమ్ముణ్ణి ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ కోర్సులో చేర్పించింది, ఆవిడే సంబంధం చూసి పెళ్ళి చేసింది. ఇప్పుడతనికి నలభై ఆరేళ్ళు. దక్షిణ ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళుగా పని చేస్తున్నాడు. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి, హిందీవాళ్ళ ఆరాధన ముగిసి వాళ్ళు బయటికి వెళ్ళాక, అదే చర్చిలో తెలుగువాళ్ళ ఆరాధన మొదలవుతుంది. పాటలు దయావతి అందుకుంటుంది, ఎరిక్ గిటారు వాయిస్తాడు. చాలా ఏళ్ళపాటు అతనికి ఉన్నది ఒక గిటారు, దాని శబ్దాన్ని పెంచి వినిపించే ఒక యాంపు, మోత కోసం ఒక చిన్న పెట్టె. అంతకు మించి కావాలని అతనెప్పుడూ అనుకోలేదు.

రెండో యాంపు నవదీప్ వల్ల వచ్చింది. నవదీప్‌ది హైదరాబాదు, గురుగ్రామ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ నాన్నకి మోకాలి ఆపరేషన్ జరిగినప్పుడు ఎరిక్ ఎడమ చేతి వేళ్ళ కొసల మీద కాయలు కాచి ఉండటం చూసి, "గిటార్ వాయిస్తవా అన్నా?" అని అడిగాడు. ఆ తర్వాత ఓ శనివారం తన పధ్నాలుగో అంతస్తు ఫ్లాటుకి పిలిచాడు. అక్కడ ఒక గదిలో, ఆరడుగుల దూరంలో రెండు యాంపులు, వాటి మధ్య నేల మీద పుస్తకమంత రివర్బ్ పెడల్. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే, చప్పట్లు ఆగాక కూడా కాసేపు నిలిచే మోతను గిటారుకి తగిలించే పెట్టె అది. అలాంటిది ఎరిక్ దగ్గరా ఉంది, కాకపోతే చిన్నది.

"ఇది మోనో అన్నా. ఒక్క దాంట్లోంచే వస్తది," అని నవదీప్ ఓ స్వరం మీటి చూపించాడు. "ఇప్పుడు రెండోది కూడా ఆన్ చేస్తున్న. నువ్వే వాయించు."

ఎరిక్ తీగలన్నీ కలిపి ఒక్క కార్డ్ కొట్టి చెయ్యి తీసేశాడు. ఎడమ యాంపులోంచి ఒక మోత, కుడి యాంపులోంచి దానికి కొద్దిగా తేడాగా ఇంకో మోత బయలుదేరాయి. రెండు చెవులూ ఆ రెండింటినీ కలుపుకునేసరికి గది గోడలు దూరంగా జరిగిపోయినట్టయింది. ఇంతవరకూ గిటారు తన ముందు ఎక్కడో వినబడేది. ఇప్పుడు తానే దాని లోపల నిలబడి ఉన్నాడు. కార్డ్ పూర్తిగా ఆరిపోయేదాకా అతను కదల్లేదు. ఇంటికి వచ్చాక ఫేబీకి చెప్పాలనుకుని, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి నవదీప్ కొత్త యాంపు కొనుక్కుని, పాతది ఎరిక్‌కి ఇచ్చేశాడు. పెడల్ ఎరిక్ సొంతంగా కొనుక్కున్నాడు. ఆ క్రిస్మస్ నుంచి చర్చిలో వేదికకి చెరో పక్కన ఒక యాంపు ఉండేది. వారమంతా మత్తుమందు యంత్రాల మధ్య, ఆకుపచ్చ బట్టల్లో, ఒకరు అడిగింది అందించడమే పనిగా గడిపే మనిషికి ఆదివారం ఆ రెండు గంటలూ వేరే బతుకులా ఉండేవి.

మరుసటి మార్చిలో ఓ మంగళవారం పొద్దున లేచేసరికి ఎడమ చెవి మూసుకుపోయినట్టుంది. గులిమి అనుకున్నాడు. నాలుగు రోజులు చూశాడు. చెవిలో హోరు మొదలై, మంచం దిగితే నేల కాస్త ఒరిగినట్టు అనిపించాక డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. తన ఆసుపత్రిలో చూపించుకుంటే సంగతి థియేటర్ దాకా పాకుతుందని వేరే చోటికి వెళ్ళాడు. నరం దెబ్బతిన్నదన్నారు. ఎందుకు ఇలా అయిందని అడిగితే, చాలామందికి కారణం తెలియదన్నారు. మాత్రలు ఇచ్చారు, చెవి లోపలికి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండు నెలల తర్వాత తీసిన పరీక్ష కాగితంలో కుడి చెవి గీత పైన తిన్నగా సాగితే, ఎడమ చెవి గీత కాగితం అడుగున పాకుతోంది. "ఇక ఇంతేనండీ" అన్నాడు డాక్టరు.

ఇంటికి వచ్చి ఫేబీతో, "వినికిడి వచ్చేసింది. కొంచెం హోరు మిగిలింది, అదీ తగ్గుతుందన్నారు," అని చెప్పాడు.

ఆ అబద్ధం ఎందుకు ఆడాడో అతనికే సరిగ్గా తెలియదు. ఫేబీ గురుగ్రామ్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. తెలిస్తే అతని ఉద్యోగం సంగతి ముందు ఆవిడే అడుగుతుంది. కూతురు జెనీఫర్ ధౌలా కువాన్ కాలేజీలో రెండో ఏడు చదువుతోంది, దానికి పరీక్షలు. ఇలాంటివి ఏవేవో మనసులో పెట్టుకున్నాడు. థియేటర్‌లో సర్జన్ ఎప్పుడూ తన కుడి పక్కకి వచ్చేలా నిలబడటం నేర్చుకున్నాడు. ఏదన్నా యంత్రం కూస్తే అది ఏ పక్కదో తెలిసేది కాదు. గబగబా అన్నిటి మీదా దీపాలు చూసుకునేవాడు. రోడ్డు దాటుతుంటే హారన్లన్నీ కుడి పక్కనుంచే వచ్చేవి.

హెడ్‌ఫోన్లలో గిటారు సగమే మిగిలింది. ఎడమ మోత లేదు. ఎడమ మోత లేకపోతే కుడిది వట్టి మోతే, గది లేదు, గోడలు లేవు. అయినా చర్చిలో రెండు యాంపులూ పెడుతూనే ఉన్నాడు. ఒకటి తీసేస్తే ఎందుకని అడుగుతారు. అదీగాక, తనకి లేకపోయినా ఎదురుగా కూర్చున్నవాళ్ళకైనా అది దక్కుతోంది కదా అనుకునేవాడు. ఆ ఊహ అతనికి ఓదార్పుగా ఉండేది.

జూలైలో సరోజిని గారు పోయారు. ఆవిడకి డెబ్భై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల నుంచి పెట్టెతో దిగిన నర్సు పిల్లలెందరో మొదటి నెలలు ఆవిడ ఇంట్లోనే తలదాచుకున్నారు. దయావతి కూడా అలా వచ్చినదే. భర్త జక్కయ్య గారు రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఎనభై నాలుగేళ్ళు. ఆదివారం ఆరాధన తర్వాత జ్ఞాపకార్థ కూటం పెట్టారు. సరోజిని గారు ఇంట్లో పని చేసుకుంటూ ఎప్పుడూ పాడుకునే పాట ఒకటుంది. దాన్ని కొడుకు రాజీవ్ పాడతానన్నాడు. వెనక ఎరిక్ గిటారు.

హిందీవాళ్ళు వెళ్ళిన పదిహేను నిమిషాల్లో ఎరిక్ సరంజామా అమర్చుకున్నాడు. వేదిక మధ్యన నిలబడి వాయించి చూసుకుంటే ఎడమ యాంపు ఎప్పటిలాగే నీరసంగా వినబడింది. కొంచెం పెంచాడు. చాలలేదు. ఇంకొంచెం పెంచాడు. రెండు పక్కలా సమానంగా ఉన్నట్టు తోచేదాకా పెంచి, మోత ఇంకాస్త ఎక్కువసేపు నిలిచేలా పెడల్ తిప్పి పెట్టాడు. సందర్భం అలాంటిది కదా, నిండుగా ఉండాలనుకున్నాడు.

రాజీవ్ పాట మొదలుపెట్టాడు. గొంతు వణుకుతోంది. ఎరిక్ అతని వెంట మెల్లగా వెళ్ళాడు. రెండో చరణంలో తలెత్తి చూస్తే, ఎడమ పక్క మొదటి వరసలో జక్కయ్య గారు రెండు చేతులతో తల పట్టుకుని వంగిపోయి ఉన్నారు. ఆ పెద్దాయన దుఃఖం మీద మెత్తటి దుప్పటి కప్పినట్టు ఉండాలని ప్రతి కార్డ్‌నీ ఇంకా ఎక్కువసేపు మోగనిచ్చాడు. పాట చివర కూడా వెంటనే ఆపలేదు.

కూటం అయ్యాక దయావతి అతనికేసి ఒకసారి చూసి, టీ కప్పులు అందించడానికి వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చే ఆటోలో జెనీఫర్ అతనికి ఎడమ పక్క కూర్చుంది. ఏదో అంటోందని పెదాలు కదలడం చూసి తల తిప్పాడు.

"ఏంటమ్మా?"

"డాడీ, లెఫ్ట్ వాలా యాంప్ బహుత్ లౌడ్ థా. రాజీవ్ అంకుల్ గొంతు అసలు రాలేదు. జక్కయ్య తాతయ్య పూరా టైమ్ చెవులు మూసుకునే ఉన్నారు."

"ఏడుస్తున్నారు కదా ఆయన."

"నహీఁ డాడీ. చెవులు. ఐసే." రెండు అరచేతులు చెవుల మీద అదిమి చూపించింది. "మీకు తెలీలేదా?"

ఇల్లు వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చున్నాడు. ఇంట్లో బట్టలైనా మార్చుకోకుండా ఫేబీని కూర్చోబెట్టి, పరీక్ష కాగితం బీరువాలోంచి తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఇలాంటి కాగితాలు చదవడం ఆవిడకి ఎవరూ నేర్పక్కర్లేదు. తారీఖు కూడా చూసింది.

"నాలుగు నెలల నుంచీ మీ ఎడం పక్కన పడుకుని మాట్లాడుతున్నానండీ," అంది. "జవాబివ్వకపోతే నిద్రపోయారనుకున్నా."

కోప్పడితే బాగుండుననిపించింది అతనికి. ఆవిడ కోప్పడలేదు. కాగితం మడిచి తన పర్సులో పెట్టుకుంది.

రెండు రోజుల తర్వాత ఎరిక్ జక్కయ్య గారి ఇంటికి వెళ్ళాడు. రాజీవ్ ఆఫీసుకి వెళ్ళాడు. పెద్దాయన ఒక్కరే ఉన్నారు. తలుపు తీసి, కూర్చోమని, తనే మంచినీళ్ళు తెచ్చారు. చెవి పోయిన సంగతి, దాచిపెట్టిన సంగతి, ఆ రోజు యాంపు ఎందుకు పెంచాడో అన్నీ ఎరిక్ చెప్పాడు.

"నా మిషను ఉంది కదా బాబూ," అన్నారు చివరికి, తన చెవిలో ఉన్న వినికిడి యంత్రాన్ని తాకి. "పెద్ద శబ్దం వస్తే అది చెవిలో పొడిచినట్టు మోగుతుంది. తీసేద్దామా అనుకున్నా. తీసేస్తే వాడి పాట అసలు వినబడదు. అందుకని మూసుకున్నా."

"క్షమించండి అంకుల్."

"ఆ పాట ఆవిడ రోజూ పాడేది. మీకు తెలుసో లేదో, చివరి చరణంలో మాటలు మార్చి పాడేది. వాడు అలాగే మార్చి పాడాడో, పుస్తకంలో ఉన్నట్టు పాడాడో విందామనుకున్నా. తెలియలేదు." ఆయన గొంతులో నిష్ఠూరం లేదు. వినబడలేదని చెప్పారు, అంతే.

ఎరిక్ లేవబోతుంటే ఆయన అడిగారు: "థియేటర్లో కూడా ఇంతేనా?"

"జాగ్రత్తగానే ఉంటున్నానండీ. కుడి పక్కకి వచ్చేట్టు చూసుకుంటాను."

"మా లైన్లో కళ్ళకీ చెవులకీ పరీక్షలుండేవి. తప్పితే బండి ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. నాతో చేసినవాడు ఒకడు అలాగే దిగిపోయాడు. చాలా ఏడ్చాడు పాపం." గేటు దాకా వచ్చి సాగనంపారు.

ఆ వారమే ఎరిక్ థియేటర్ ఇన్‌ఛార్జి రఘువీర్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు. రఘువీర్ హర్యానావాడు, ఎరిక్ కన్నా చిన్న. పెన్ను తిప్పుతూ, "భాయ్, నాలుగు నెలలు?" అన్నాడు. ఆ నాలుగు నెలల్లో ఏ పొరపాటూ జరగలేదు. కానీ అది తన గొప్పతనం కాదని ఇద్దరికీ తెలుసు. వైద్య పరీక్ష అయ్యాక అతన్ని కింది అంతస్తుకి, ఆపరేషన్ సామాను కడిగి ఆవిరి పెట్టి ప్యాక్ చేసే విభాగానికి మార్చారు. జీతం తగ్గలేదు. ఇరవై రెండేళ్ళుగా నిలబడిన గదిలోకి మాత్రం ఇక పిలవరు. మొదటి రోజు అతను కత్తెరలు వరసగా పేర్చి, పట్టీ మీద తారీఖు వేసి సంతకం పెడుతూ, పైన ఇప్పుడు ఏ కేసు నడుస్తోందో ఊహించుకుంటూ ఉండిపోయాడు.

ఇక గిటారు సంగతి తేల్చుకోవాలి. కొన్ని ఆదివారాలు అతను అసలు వాయించలేదు. దయావతి బలవంతపెట్టలేదు. "నీకు కుదిరినప్పుడే తీసుకురా తమ్ముడూ," అని మాత్రం అంది.

సంగతి విని నవదీప్ శనివారం చర్చికే వచ్చాడు. "రెండు యాంపుల స్టీరియో వదలకన్నా. నేను సెట్ చేసిస్త. ఏ నాబ్ ఎక్కడుండాల్నో ఫోటో తీసి పెట్టుకో. మళ్ళ ముట్టకు. నీకు వినబడకున్నా జనానికి వినబడతది కదా," అన్నాడు. నాలుగు నెలలు ఎరిక్ తనకు తాను చెప్పుకున్న మాటే అది. ఇంకొకరి నోట వినేసరికి ఇబ్బందిగా అనిపించింది.

"ఒకసారి విందాం," అన్నాడు.

నవదీప్ రెండు యాంపులూ సరిచేసి వాయించడం మొదలుపెట్టాడు. ఎరిక్ కుర్చీల మధ్య తిరిగాడు. అతనికి ఎక్కడ నిలబడినా ఒకటే. అది చూసి, తోడుగా వచ్చిన జెనీఫర్ లేచి, ఒక వేలితో ఎడమ చెవి గట్టిగా మూసుకుని తనూ తిరగడం మొదలుపెట్టింది. తర్వాత వేలు తీసేసి మళ్ళీ తిరిగింది. మధ్య వరసలో కూర్చుంది, కుడి చివరకి వెళ్ళింది, ఎడమ చివరకి వచ్చింది.

"డాడీ, బీచ్ మే, మధ్యలో చాలా బాగుంది. నిజంగా చాలా బాగుంది." ఎడమ చివర కుర్చీ మీద చెయ్యి వేసింది. "కానీ ఇక్కడ చివర కూర్చుంటే లెఫ్ట్ వాలానే వస్తోంది. అటు చివర రైట్ వాలా. రెండు చెవులున్నా సగమే. పెద్దవాళ్ళంతా చివర్లోనే కూర్చుంటారు కదా, ఫ్యాన్లు అక్కడే ఉన్నాయని."

ఎరిక్ హాలంతా ఒకసారి కలయజూశాడు. దయావతి కూర్చునే చోటు, జక్కయ్య గారి చోటు, కర్ర పట్టుకుని వచ్చే ఇద్దరు ముగ్గురి చోట్లు. నిండుగా వినబడేది మధ్యలో పాతిక కుర్చీలకి. అవి సగం ఖాళీగానే ఉంటాయి.

"అది సెట్ చేస్తే సరిపోతది అన్నా," అన్నాడు నవదీప్. "రెండూ కొంచెం లోపలికి తిప్పుదం."

"నువ్వు ప్రతి ఆదివారం గురుగ్రామ్ నుంచి వస్తావా తమ్ముడూ? ఎవరో కాలు తగిలించి జరుపుతారు, నాకు తెలీదు. మళ్ళీ ఎవరో చెవులు మూసుకుంటారు. నేను దుఃఖమనుకుంటాను." అతని గొంతు మామూలుగానే ఉంది. "నాకు వినబడేదే వాళ్ళకీ వినబడాలి. అప్పుడు తప్పుంటే నాకే తెలుస్తుంది."

ఎడమ యాంపు తీగ ఊడదీశాడు. కుడి పక్కదాన్ని ఎత్తుకొచ్చి వేదిక వెనక గోడకి మధ్యన, కాస్త ఎత్తుగా బల్ల మీద పెట్టాడు. పెడల్‌ని మోనోకి మార్చి, మోత పొడుగు తగ్గించుకుంటూ వచ్చాడు. జెనీఫర్ వరస వరసకీ వెళ్ళి పాట మాటలు పైకి చదువుతుంటే, మాటలు గిటారులో మునిగిపోని చోట ఆపాడు. మిగిలిన మోత చిన్నది. గది పెరగలేదు. కానీ ఒక స్వరం బయలుదేరి కొంచెం దూరం నడిచి ఎక్కడ ఆగిందో ఆ ఒక్క చెవికి స్పష్టంగా తెలిసింది. రెండు యాంపుల రోజుల్లో అతను అది ఎప్పుడూ పట్టించుకోలేదు.

సెప్టెంబరులో ఓ ఆదివారం రాజీవ్ తండ్రిని తీసుకొచ్చాడు. ఆరాధన అయ్యాక జక్కయ్య గారు, ఆ పాట మళ్ళీ ఒకసారి పాడమని అడిగారు. అప్పటికి సగం మంది వెళ్ళిపోయారు. చౌకీదారు తలుపులు వేయడానికి నిలబడి ఉన్నాడు. రాజీవ్ పాడాడు, ఎరిక్ తక్కువగా వాయించాడు. చివరి చరణంలో రాజీవ్ ఒక్క మాట మార్చాడు. జక్కయ్య గారు కళ్ళు మూసుకుని తలూపారు. తర్వాత కొడుకు భుజం పట్టుకుని లేచి, ఎరిక్ దగ్గర ఆగి, "వినబడింది బాబూ," అని వెళ్ళిపోయారు.

డిసెంబరులో క్రిస్మస్ పాటల కార్యక్రమానికి నవదీప్ వచ్చాడు. వెనక నిలబడి అంతా విన్నాడు. అయిపోయాక తీగలు చుట్టడానికి సాయం చేస్తూ అన్నాడు:

"బాగుందన్నా. మాటలు సాఫ్‌గా వినబడ్డయి. కానీ నిజం చెప్పాలంటే చిన్నగైపోయింది. మునుపటి ఆ ఇది లేదు."

"లేదు," అన్నాడు ఎరిక్.

అతను గిటారుని పెట్టెలో పెట్టి, మూత వేసి, బొత్తాలు ఒక్కొక్కటే నొక్కాడు. ఫేబీ కోటు తీసుకుని అతని కుడి పక్కకి వచ్చి నిలబడింది. బయట పొగమంచు దిగుతోంది. మెట్రో స్టేషన్ దాకా జెనీఫర్‌తో కలిసి ముగ్గురూ నడిచే వెళ్ళారు.